తేనె రంగు బిళ్ళ

నా దుకాణంలో ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాలి. టార్చిలైట్లు బాగుచేయడం నా పని. ఇదివరకు బల్బు మాడితే బల్బు వేసేవాణ్ణి, స్విచ్చి పోతే స్విచ్చి వేసేవాణ్ణి. ఇప్పుడు బల్బులు లేవు. గోరు మీద పట్టేంత ఎల్‌ఈడీ బిళ్ళ ఉంటుంది. పాతది ఊడదీసి కొత్తది అతికించాలి.

ఆదివారాలు టార్చి పిచ్చోళ్ళు వస్తారు. వాళ్ళకి టార్చి ఎంత దూరం కొడుతుందన్నది పట్టదు. ఏ రంగు వెలుగిస్తుందన్నదే గొడవ. తెలుపులోనే వాళ్ళకి చాలా తెలుపులున్నాయి. మంచు తెలుపంటే నీలం కొట్టే తెలుపు. పగటి తెలుపంటే మిట్టమధ్యాహ్నం కిటికీలోంచి వచ్చే వెలుగు. తేనె రంగంటే పాత బల్బు వెలుగుకి చెల్లెలు. అంకెలతో కూడా చెప్పుకుంటారు. అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుందట. ఆ లెక్క నాకు తిరగేసినట్టుంటుంది. నేను కంటితో చూసి చెబుతాను.

గొడవకి కారణం ఒకటే. కావలసిన రంగు దొరకదు. మంచు తెలుపు ఏ కొట్లో చూసినా కుప్పలు. తేనె రంగు ఎప్పుడో ఒకసారి ఎవడి సంచిలోనో నాలుగు వస్తాయి, సాయంత్రానికి ఉండవు. పగటి తెలుపులో రంగుల్ని రంగుల్లా చూపించే మంచి రకమొకటుంది. దాన్ని చేసేవాళ్ళే మానేశారని వీధంతా చెప్పుకున్నారు. మిగిలినవి వీధి చివర డబ్బాల మనిషి దగ్గరున్నాయి. దొరికిన ప్రతి బిళ్ళనీ చిన్న డబ్బాలో వేసి మూత బిగించేస్తాడు కాబట్టి అతనికి ఆ పేరు. అమ్మడు. మార్చుకుంటాడు. అది కూడా మనసైతేనే.

ఈ పిచ్చోళ్ళందరికీ పెద్ద మా బామ్మర్ది, నా భార్య తమ్ముడు. బస్సు కండక్టరు పని మానేసి చాలా కాలమైంది గానీ నోరు ఇంకా టిక్కెట్లు కొడుతూనే ఉంటుంది. నేను మాట్లాడను. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

మా అబ్బాయి కేబుల్ జాయింటరు. నేల కింద తెగిపోయిన కరెంటు కేబుళ్ళని అతుకుతాడు. కేబుల్ లోపల నాలుగు తీగలుంటాయి, ఎరుపు, పసుపు, నీలం, నలుపు. మొదటి మూడింటిలో కరెంటు వస్తుంది. నలుపుని పానెల్ దగ్గర భూమికి కలిపి ఉంచుతారు. ఏ రంగుకి ఆ రంగే అతకాలి. నీలాన్ని తీసుకెళ్ళి నలుపుకి అతికితే, కరెంటు వదిలిన క్షణంలో ఆ అతుకు చేతిబాంబులా పేలుతుంది. అందుకని వాడి టార్చిలో పగటి తెలుపు బిళ్ళ నేనే వేశాను.

వాళ్ళ జట్టులో ఒక నియమముంది. జాయింటు వేసినవాడు, కరెంటు వదిలేటప్పుడు దాని మీద అరచెయ్యి ఆనించి ఉండాలి. అతుకు వదులైతే వేడెక్కుతుంది, చేతికి తెలుస్తుంది. కానీ అది పైకి చెప్పే మాట. తన చెయ్యే దాని మీద ఉంటుందని తెలిస్తే ఎవడూ పని ఎగ్గొట్టడని వాళ్ళ గురువు పెట్టాడు. గురువు పోయాడు, నియమం ఉండిపోయింది. నా భార్యకి ఈ సంగతి తెలీదు. నేను చెప్పలేదు.

ఆ రోజు భోజనం చేసి వచ్చి దుకాణం తెరిచాను. బామ్మర్ది స్కూటరు ఆపాడు. హెల్మెట్ తియ్యకుండానే లోపలికి తొంగిచూశాడు.

"బావా, అల్లుడేమన్నాడు?"

"దేని గురించి?"

"వాడి టార్చి గురించి! వెలిగించి చూసుకోలేదా ఏంటి? పొద్దుట్నుంచీ ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నా. వాడూ నీ కొడుకే కదా, నోట్లోంచి మాట రావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి."

నేను చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"ఏం చేశావ్?"

"నిన్న నువ్వు అక్కని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు కదా, నేనిక్కడ కూర్చున్నాను కదా. వాడి టార్చికి స్విచ్చి బాగుచేసి బల్ల మీద పెట్టి వెళ్ళావ్. అదే టైముకి డబ్బాల మనిషి దగ్గరికి తేనె రంగువి రెండొచ్చాయని కబురు. రెండంటే రెండు బావా! పరిగెత్తా. బతిమాలితే ఇవ్వనన్నాడు. పగటి తెలుపు తెస్తే ఒకటికొకటి అన్నాడు. నాది పీకి ఇచ్చా."

"ఒకటి నీది. రెండోది?"

"అల్లుడిది." హెల్మెట్‌లోంచి నవ్వు కనబడింది. "వాడిదాన్లో పెట్టేసి, స్క్రూలు బిగించి, తుడిచి మరీ పెట్టా. ఒక్కటే దొరికుంటే వాడికే ఇచ్చేవాణ్ణి, ఒట్టు. రోజంతా గుంటల్లో కూర్చుని ఆ తెల్లటి వెలుగులో కళ్ళు చిట్లించుకుంటాడు పాపం. దీని ముందు అదెందుకు బావా? ఆ వెలుగులో నీలమన్న రంగే ఉండదు! మొత్తం మింగేస్తుంది. కళ్ళకి వెన్న రాసినట్టుంటుంది."

బల్ల పట్టుకుని లేచాను.

"వాడు అతికే తీగల్లో ఒకటి నీలం" అన్నాను.

"అయితే?"

"ఇంకోటి నలుపు."

బామ్మర్ది హెల్మెట్ తీశాడు.

పొద్దున్న వాడు వెళ్తూ వాళ్ళమ్మతో అన్న మాటలు గుర్తొచ్చాయి. వార్తాపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో, నేలమాళిగలో కేబుల్ కాలిపోయింది. మూడింటికల్లా కరెంటు ఇవ్వాలి, లేకపోతే రేపటి పేపరు ఆలస్యమవుతుంది. మామూలుగా ఇద్దరు దిగుతారు. ఒకడు రంగు పైకి చదివితే ఇంకొకడు అతుకుతాడు, ఆఖర్న రెండు చివర్లా నిలబడి మీటరు పెట్టి చూసుకుంటారు. ఆ రెండోవాడికి జ్వరం. వీడు ఒక్కడే దిగుతున్నాడు.

గోడ గడియారం రెండున్నర దాటింది.

బామ్మర్ది ఫోన్ చేశాడు. అందుబాటులో లేదంది. నేల కింద సిగ్నలుండదు. వాళ్ళ ఫోర్‌మన్ నంబరు మా ఇద్దరి దగ్గరా లేదు. నేను బల్ల కింద నుంచి నా టార్చి తీసుకున్నాను. దానిలో పగటి తెలుపు బిళ్ళ ఉంది. షట్టరు దించలేదు. స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాను.

కూడలి దగ్గర సిమెంటు లారీ అడ్డంగా ఆగిపోయింది. ముందుకి లేదు, వెనక్కి లేదు. హారన్లు.

"బావా, తిట్టు."

"బండి నడుపు."

"ఒక్క తిట్టైనా తిట్టు బావా."

"కాలిబాట మీదికెక్కించు."

ఎక్కించాడు. పళ్ళబండి మనిషి మా ఏడు తరాలనీ తలుచుకున్నాడు. బామ్మర్ది ఆ తిట్లు తనకి రావలసినవే అన్నట్టు తలొంచుకుని పోనిచ్చాడు.

ప్రెస్సు గేటు మూసి ఉంది. కాపలా మనిషి కుర్చీలోంచి లేవకుండా చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పాస్ ఉందా?"

బామ్మర్ది ఒక్కసారిగా అందుకున్నాడు. "పాస్ లేదు సార్, లోపల మా అల్లుడున్నాడు, వాడి టార్చిలో ఎల్‌ఈడీ మారిపోయింది, అంటే నేనే మార్చా, రంగు తేడా వచ్చింది, తేనె రంగది, అసలు దొరకదు..."

"ఏ రంగైతే మాకేంటండీ? ఇక్కడ అచ్చయ్యేదంతా నల్లసిరా. బల్బు మార్చే పనైతే రేపు రండి."

"బల్బు కాదు సార్, ఎల్‌ఈడీ..."

"అదే, అదీ రేపే."

నేను బామ్మర్దిని పక్కకి జరిపి కటకటాల దగ్గరికెళ్ళాను. "లోపల నా కొడుకు చచ్చిపోతాడు. గేటు తియ్యి."

కాపలా మనిషి నా మొహం చూశాడు. గొళ్ళెం లాగాడు.

గేటు దాటి లోపలికి నాలుగడుగులు వేశామో లేదో, ఆ చప్పుడు వినిపించింది. ఇనప గొట్టం మీద సుత్తి దెబ్బలు. ఠంగ్. ఠంగ్. ఠంగ్. నేల కింద నుంచి గోడ వెంట పైకొచ్చాయి. అదేంటో నాకు తెలుసు. ఫోన్ పనిచెయ్యని చోట, పని అయిపోయిందని పైవాళ్ళకి చెప్పే సంకేతం అది. వరండాలో నిలబడ్డ ఫోర్‌మన్, చేతిలో టీ గ్లాసు గోడ మీద పెట్టి జేబులోంచి ఫోన్ తీశాడు. సబ్‌స్టేషన్‌కి చెప్పడానికి.

"ఆ ఫోన్" అన్నాను బామ్మర్దితో.

అంతకు మించి చెప్పలేదు. అతను పరిగెత్తాడు. మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కడానికి కూడా మూలిగే మనిషి. నేను నేలమాళిగ మెట్లవైపు తిరిగాను. ఫోర్‌మన్ అంతలోనే చెప్పేశాడో, చెప్పలేదో నాకు తెలీదు. చూడడానికి ఆగలేదు.

మెట్లు తడిగా ఉన్నాయి. సిరా వాసన, కాలిన రబ్బరు వాసన. గోడ పట్టుకుని దిగాను. కింద చీకటి. ఆ చివర ఒక స్తంభం వెనక వెలుగు కనిపించింది. తేనె రంగు వెలుగు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. సాయంత్రం ఎండ పడ్డట్టు గోడంతా మెరుస్తోంది. ఆ వెలుగు మధ్యలో మా వాడు గుంటలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచెయ్యి కేబుల్ మీద ఆనించి ఉంది.

"చెయ్యి తియ్యి" అన్నాను.

వాడు ఉలిక్కిపడి తలెత్తాడు. "నాన్నా? నువ్వేంటి ఇక్కడ? అమ్మకేమైనా..."

"చెయ్యి తియ్యి."

"కరెంటొస్తోంది నాన్నా, సైగ చేశాను. ఒక్క నిమిషం. చూడాలి."

"నీలం, నలుపు తారుమారయ్యాయి."

"లేదు, చూసే అతికా. కళ్ళతో చూశా." వాడి గొంతులోకి కోపం వచ్చింది. చెయ్యి కదల్చలేదు. "నేను వేసిన జాయింటు నేను ముట్టుకోకపోతే, రేపు ఇంకెవడు ముట్టుకుంటాడు? పైకెళ్ళు నాన్నా, జారిపడతావ్."

నాకు అరవడం అలవాటు లేదు. ఎలా అరవాలో కూడా మర్చిపోయాను. ఏ మూల నుంచి వచ్చిందో గానీ వచ్చింది.

"చెయ్యి తియ్యరా!"

నేలమాళిగ అంతా అదిరింది. వాడి చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేసింది. నిప్పు తగిలినట్టు, టార్చితో సహా గుంటలోంచి పైకి దూకాడు. నేను వాడి జబ్బ పట్టుకున్నాను. గుంట పక్కన నేల మీద, తీగలకి ఒలిచిన రంగు తొక్కల ముక్కలు పడున్నాయి. రెండో చేత్తో వాటిని గుప్పెడు ఎత్తుకుని, వాణ్ణి స్తంభం ఇవతలికి లాక్కొచ్చాను. పేలితే అడ్డం ఆ స్తంభమే.

"ఏంటి నాన్నా ఇది? పిల్లాణ్ణి లాగినట్టు..."

"నీ టార్చితో వీటిని రంగులవారీగా వేరుచెయ్యి." తొక్కల్ని నేల మీద పోశాను.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. నేను జబ్బ వదల్లేదు. టార్చి నేల మీద ఆనించి, ఒంటిచేత్తో ఏరడం మొదలుపెట్టాడు. ఎరుపు ఒక పక్కన. పసుపు ఒక పక్కన. మిగిలినవి పాత కేబుల్ తొక్కలు, నూనె పట్టి, మట్టి కొట్టుకున్నవి. వాటిని రెండుగా పంచుతుంటే వాడి చెయ్యి ఒకటి రెండుసార్లు ఆగింది. ఒక ముక్కని అటు పెట్టి, మళ్ళీ తీసి ఇటు పెట్టాడు. నేను వాడి చేతిని చూడలేదు. స్తంభం పక్కనుంచి ఆ కేబుల్‌నే చూస్తున్నాను. పైన ఏ చప్పుడూ లేదు. బామ్మర్ది గొంతు కూడా లేదు. దానికే నాకు భయమేసింది.

"ఇదిగో, అయింది. ఇది నీలం, ఇది నలుపు. చాలా?"

నేను నా టార్చి వెలిగించాను.

నీలం అన్న కుప్పలో మూడు నల్లవి ఉన్నాయి. నలుపు అన్న కుప్పలో ఆకాశం ముక్కల్లా నీలం మెరిసింది.

వాడు తన టార్చి వేశాడు. నీలం మాయమైంది. నాది వేశాడు, వచ్చింది. తనది తిప్పి గాజులోకి చూసుకున్నాడు.

"ఇది నాది కాదు. పొద్దున్న ఎండలోంచి దిగా కదా, చీకటికి కళ్ళు అలవాటుపడక అలా ఉందనుకున్నా" అన్నాడు. "తర్వాత బాగుందనిపించింది."

తన అరచెయ్యి తనే చూసుకున్నాడు. అంతలో లేచి మెట్లవైపు ఉరికాడు. "ఆపాలి! కరెంటు ఆపాలి!"

నేను వాడి వెనక ఎక్కాను. పైన వరండాలో ఫోర్‌మన్, కాపలా మనిషి, ఇంకో ఇద్దరు కలిసి మా బామ్మర్దిని నేల మీద అదిమి పట్టుకున్నారు. చొక్కా చిరిగింది. ఒక చెప్పు లేదు. కడుపు కింద రెండు చేతులూ పెట్టుకుని బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఇవ్వరా ఫోను! దొంగ వెధవా!"

"ఇవ్వను. చంపినా ఇవ్వను."

"సబ్‌స్టేషన్ వాడు ఎదురుచూస్తున్నాడయ్యా, ఎవడివి నువ్వు?"

"కండక్టర్ని! మా అల్లుడు పైకి రాకుండా ఎవడికీ రైట్ చెప్పను!"

మా వాడు వెళ్ళి ఫోర్‌మన్ భుజం పట్టుకున్నాడు. "జాయింటు తప్పయ్యింది సార్. కరెంటు వద్దని చెప్పండి."

ఆ గొంతు విని బామ్మర్ది తల తిప్పాడు. మేనల్లుణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. రెండు చేతులూ చూశాడు. అప్పుడు కడుపు కింద నుంచి ఫోన్ తీసి ఫోర్‌మన్‌కి ఇచ్చాడు. మొహం నేలకి ఆనించి ఏడ్చాడు. ఫోన్ తడిసిపోయి ఉంది, అయినా పనిచేసింది.

ఫోర్‌మన్ తిట్టాడు. తిట్టాల్సినవే తిట్టాడు. కానీ తిడుతూనే తనే కిందికి దిగి మా వాడి పక్కన కూర్చున్నాడు. నా టార్చి వెలుగులో జాయింటు విప్పారు. నీలానికి నలుపు బిగించి ఉంది, నలుపుకి నీలం. బోల్టులు మాత్రం బ్రహ్మాండంగా బిగించాడు. ఫోర్‌మన్ ఒక్కో రంగూ పైకి చదివాడు, మా వాడు అతికాడు. చీకటిపడే వేళకి కరెంటొచ్చింది. మా వాడు అరచెయ్యి పెట్టాడు. నేను అక్కడే నిలబడి చూశాను. కాసేపటికి తలూపాడు.

"చల్లగా ఉంది."

మర్నాడు బామ్మర్ది డబ్బాల మనిషి దగ్గరికెళ్ళి తన తేనె రంగు బిళ్ళ కూడా కలిపి రెండూ ఇస్తానని, ఒక్క పగటి తెలుపు ఇమ్మని అడిగాడు. అతను మూత బిగించిన డబ్బా మళ్ళీ తెరవనన్నాడు. వీధంతా తిరిగాడు. మంచు తెలుపు కావాలంటే గంపకెత్తి ఇస్తాం అన్నారందరూ.

నేను నా టార్చి విప్పి, దాన్లో బిళ్ళ ఊడదీసి మా వాడి టార్చిలో వేశాను. వాడి తేనె రంగుది నాదాన్లో వేసుకున్నాను. బామ్మర్ది పక్కనే కూర్చుని చూశాడు గానీ బిళ్ళ ముట్టుకోలేదు.

"మావయ్యా, ఆ వెలుగు నిజంగానే బాగుంది. ఇంట్లోకైతే" అన్నాడు మా వాడు టార్చి తీసుకుంటూ.

"నోర్ముయ్ రా" అన్నాడు బామ్మర్ది. అయినా కాస్త తేరుకున్నాడు.

వాళ్ళ జట్టులో నియమం పోలేదు. చెయ్యి పెడుతూనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడు గొట్టం మీద సుత్తి కొట్టేముందు, ఒలిచిన తొక్కలన్నీ పైకి తెచ్చి ఎండలో కుప్పలు పెడతారట.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఇంట్లో కరెంటు పోయింది. నేను టార్చి వెలిగించి బీరువాలో చొక్కా వెతుక్కుంటున్నాను. ఒకటి చేతికొచ్చింది. ఎంత చూసినా తెలియలేదు.

"ఇది నీలమా, నలుపా?" అని అడిగాను.

నా భార్య వంటగదిలోంచి వచ్చింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు నన్నడిగిన మొదటి ప్రశ్న ఇదేనండీ" అంది. చొక్కా తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. "డాక్టరు నా కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు కదా. మరి నాకూ నలుపే కనిపిస్తోందేంటి? ఇది మీ నీలం చొక్కా కదూ?"

"నీ కళ్ళకేం కాలేదు."

"మరి?"

నేను మంచం మీద కూర్చుని పక్కకి జరిగాను.

"కూర్చో, చెబుతాను" అన్నాను.